పాచి ఒకటే కాదు: కొత్త రీఫ్ ట్యాంకులో గోధుమ, ఎరుపు, ఆకుపచ్చ రంగుల లెక్క

చెన్నైలోని కొళత్తూరు అలంకార చేపల దుకాణాల్లో సముద్రపు నీటి ట్యాంకుల వైపు కాసేపు నిలబడితే ఒక మాట చెవిన పడుతుంది. ఎవరో ఫోన్‌లో ఫొటో చూపిస్తూ, "ట్యాంకు పెట్టి నెల కాలేదండీ, అప్పుడే పాచి పట్టేసింది. మందేమైనా ఉందా?" అని అడుగుతుంటారు. ఒకరి ఫొటోలో ఇసుక మీద గోధుమ రంగు పొడి, ఇంకొకరి ఫొటోలో ముదురెరుపు పొర, మరొకరి ఫొటోలో రాళ్ల నిండా ఆకుపచ్చ వెంట్రుకలు. మన భాషలో మూడింటికీ పేరు ఒక్కటే. బావి గట్టుకూ కోనేటి మెట్లకూ ఆ ఒక్క మాట సరిపోతుంది, అక్కడ మనకు కావలసింది కాలు జారకుండా చూసుకోవడమే కాబట్టి. పగడాలు పెంచే రీఫ్ ట్యాంకులో ఆ మాట చాలదు. మొదటిది దానంతట అదే పోతుంది. రెండోది నీటి ఒరవడి పెంచితే తగ్గుతుంది. మూడోదాన్ని చేత్తో పీకాల్సిందే. ఇంకా నాలుగోది ఒకటుంది. మిగతా మూడింటికి చేసే వైద్యం దానికి చేస్తే ట్యాంకులో నత్తలు చచ్చేదాకా వస్తుంది.

ఇక్కడి లెక్కలన్నీ 200 లీటర్ల ట్యాంకు మీద వేసినవి. చెన్నై ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) అపార్ట్‌మెంట్ హాల్లో గోడవారగా పట్టే సైజు అది.

నీటిలో ఎరువు ఎక్కడిది

చేపల మలం, తినగా మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా, ఇంకో రకం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. ఈ రెండు రకాలూ రాళ్ల మీద, ఇసుకలో కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. దాన్నే సైకిల్ అంటారు. మేతలో ఉండే భాస్వరం ఫాస్ఫేటుగా నీటిలో చేరుతుంది. నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ ఎరువులే. ఎరువు వేసి నీరు పెట్టి, పంట వేయకుండా వదిలేసిన మడిలో ఏం మొలుస్తుందో రైతు ఇంట పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

పీపీఎం అంటే లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము. మన ట్యాంకులో 1 పీపీఎం అంటే మొత్తం 200 మిల్లీగ్రాములు. మెత్తని పగడాలున్న ట్యాంకులో నైట్రేటు 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేటు 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉండేలా చూసుకోవడం ఇప్పుడు ఎక్కువమంది పాటించే పద్ధతి.

ఈ అంకెల దగ్గరే మొదటి తికమక వస్తుంది. కొన్ని నీటి పరీక్ష కిట్‌లు నైట్రేటును మొత్తం అణువుగా లెక్కిస్తాయి, కొన్ని అందులోని నత్రజనిని మాత్రమే చూపిస్తాయి. రెండో రకం అంకెను 4.43తో గుణిస్తేనే మొదటిది వస్తుంది. అంటే ఒకే నీటికి ఒక కిట్ 2.3 అంటే ఇంకో కిట్ 10 అంటుంది, రెండూ నిజమే. ఫాస్ఫేటుకూ ఇదే గొడవ. హానా కంపెనీ అమ్మే చిన్న డిజిటల్ పరికరాల్లో బాగా వాడుకలో ఉన్న రకం ఫాస్ఫేటును కాక భాస్వరాన్ని పీపీబీలో (పీపీఎంలో వెయ్యో వంతు) చూపిస్తుంది. దాన్ని 3.066తో గుణించి వెయ్యితో భాగించాలి. తెర మీద 20 కనిపిస్తే ఫాస్ఫేటు సుమారు 0.06 పీపీఎం. ఆ పరికరమే 5 పీపీబీ అటూ ఇటూ చూపించవచ్చు కాబట్టి 3కీ 6కీ తేడా చూసి కంగారు పడటం అనవసరం. ఇక రంగు కార్డుతో పోల్చి చూసే చౌక కిట్‌లలో సున్నా తరువాతి మెట్టు 0.25 దగ్గర ఉంటుంది. మనకు కావలసిన పరిధి అంతా ఆ రెండు మెట్ల మధ్యే ఇరుక్కుపోతుంది. ఫాస్ఫేటు విషయంలో ఆ కిట్ ఉన్నా లేనట్టే.

కొత్త ట్యాంకుకే ఎందుకీ బాధ

పాత ట్యాంకులోని రాయి మీద గోరంత ఖాళీ ఉండదు. బ్యాక్టీరియా, స్పాంజి, చిన్న పురుగులు, గులాబీ ఊదా రంగులో గట్టిగా అంటుకుని పెరిగే కోరలైన్ నాచు, అన్నీ ఎవరి చోటు వాళ్లు పట్టుకుని ఉంటాయి. కొత్త రాయి ఊరు వెలుపలి ఖాళీ స్థలం లాంటిది. ముందు ఎవరొస్తే వాళ్లదే. ముందు వచ్చేవి వేగంగా పెరిగే రకాలే.

విదేశీ వీడియోల్లో దీనికి చెప్పే చిట్కా లైవ్ రాక్, అంటే సముద్రంలో నుంచి తీసి, జీవం ఉండగానే తెచ్చిన రాయి. మన దగ్గర అది కుదరదు. గట్టి అస్థిపంజరం కట్టే పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూలే అది. మన్నార్ సింధుశాఖ నుంచి తెచ్చానని ఎవరైనా పగడపు రాయి అమ్మితే కొనడమే నేరం. ఇసుకను శుభ్రం చేస్తుందని విదేశీ పుస్తకాలు మెచ్చుకునే సముద్ర దోసకాయలకూ ఈ చట్టం రక్షణ ఉంది. అందుకే ఇక్కడ ఎక్కువ ట్యాంకులు పింగాణీ, సిమెంటు రాళ్లతో, జొయాంథిడ్, మష్రూమ్ లాంటి గట్టి అస్థిపంజరం లేని పగడాలతో మొదలవుతాయి. జీవం లేని రాయి కాబట్టి రంగులు మారే దశ మనకు ఎక్కువ కాలం సాగుతుంది. లైవ్ రాక్ వేసిన ట్యాంకు రెండు మూడు నెలల్లో దాటే దశకు మనకు ఆరు నెలలు పట్టినా అది వైఫల్యం కాదు. బాగా నిలదొక్కుకున్న ట్యాంకు ఉన్న స్నేహితుల దగ్గర గుప్పెడు ఇసుకో, ఫిల్టర్‌లోని నాలుగు పింగాణీ ముక్కలో తెచ్చి వేసుకుంటే ఈ కాలం కొంత తగ్గుతుంది. దాంతోపాటు వాళ్ల ట్యాంకులోని తెగుళ్లూ వస్తాయన్నది ఎదుటి వాదన. అదీ నిజమే. ఎవరి దగ్గర తెస్తున్నారో ఆ ట్యాంకును ముందు ఒకసారి కళ్లారా చూడటం అందుకే.

ఎవరు ఎవరు

గోధుమ పొడి డయాటమ్‌లది. రెండో వారం నుంచి ఆరో వారం మధ్య వస్తాయి. ఇసుక మీద కోకో పొడి చల్లినట్టుంటాయి, అద్దం మీద వేలితో రాస్తే తేలిగ్గా పోతాయి. వీటి పెంకు సిలికాతో కట్టుకున్నది. నీటిలో సిలికా అయిపోగానే ఇవీ పోతాయి. నత్తలు వీటిని ఇష్టంగా తింటాయి. వీటి కోసం డబ్బు ఖర్చు పెట్టనవసరం లేదు.

ముదురెరుపు పొర సైనోబ్యాక్టీరియా. పేరులోనే ఉంది, ఇది నాచు కాదు, కిరణజన్య సంయోగక్రియ చేసే బ్యాక్టీరియా. తడి గుడ్డలా పరుచుకుంటుంది, సాయంత్రానికి దాని కింద గాలి బుడగలు చిక్కుకుంటాయి, అంచు పట్టి లాగితే పొర పొరగా లేచి వస్తుంది. నీరు మందంగా కదిలే మూలల్లో, కుళ్లిన మేత పేరుకున్న చోట మొదలవుతుంది. వీటిలో కొన్ని రకాలు నీటిలో కరిగిన నత్రజని వాయువునే ఎరువుగా మార్చుకోగలవు. అందుకే నైట్రేటు సున్నాకు పడిపోయి ఫాస్ఫేటు మిగిలిన ట్యాంకులో వీటికి పోటీ ఉండదు.

ఆకుపచ్చ వెంట్రుకలు అసలైన నాచు. అందులోనూ ఒక తేడా చూసుకోవాలి. ఒక పోగు తీసి తెల్ల పళ్లెంలో నీళ్లలో పరిచి భూతద్దంతో చూస్తే, మామూలు హెయిర్ ఆల్గే దారంలా సాదాగా ఉంటుంది. బ్రయాప్సిస్ అయితే నడుమ ఈనె, దానికి రెండు పక్కలా చిన్న చిన్న కొమ్మలు, పక్షి ఈకలా కనిపిస్తుంది. మొదటిదాన్ని నత్తలు, టాంగ్ చేపలు తింటాయి. రెండోదాన్ని దాదాపు ఎవరూ ముట్టరు. ఆకుపచ్చ గోళీల్లా ఉండేది వలోనియా. గోళీ పగిలితే అందులోంచి విత్తులు చెదురుతాయా లేదా అన్నది ఎడతెగని వాదన. సైఫన్ గొట్టం పక్కనే పెట్టి మొదలంటా పెళ్లగిస్తే ఆ వాదనతో పనే ఉండదు.

చెన్నై నీళ్లు ట్యాంకులోకి ఏం మోసుకొస్తాయి

ఈ నగరంలో ఒక అపార్ట్‌మెంట్ సంపులోకి మెట్రో నీళ్లు (నగర జల బోర్డు సరఫరా), బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు మూడూ పడతాయి. ఆ మెట్రో నీళ్లలోనే కండలేరు నుంచి పూండికి కాలువలో వచ్చే కృష్ణా నీరు ఒక పాలు, నెమ్మేలి లాంటి ప్లాంట్లలో ఉప్పు తీసిన సముద్రపు నీరు ఇంకో పాలు. పోయిన నెల కొలిచిన టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) ఈ నెలకు పనికిరాదు.

ట్యాంకులో ఆవిరయ్యేది నీరు ఒక్కటే. ఉప్పు, ఎరువు లోపలే ఉండిపోతాయి. కాబట్టి రోజూ నింపే నీటిలో ఏముంటే అది ట్యాంకులో పోగవుతూనే ఉంటుంది. రోహిణి కార్తె ఎండల్లో ఫ్యాను పెట్టి చల్లబరిచే ట్యాంకులో రోజుకు 4 లీటర్లు ఆవిరవుతాయని అనుకుందాం. బోరు నీటిలో నైట్రేటు 40 పీపీఎం ఉందనీ అనుకుందాం. తాగునీటికి బీఐఎస్ పెట్టిన హద్దు 45, కాబట్టి అది తాగడానికి పనికొచ్చే నీరే. రోజుకు 160 మిల్లీగ్రాములు చేరితే ట్యాంకులో 0.8 పీపీఎం పెరుగుతుంది. నెలకు 24. చేపలకు ఒక్క పలుకు మేత వేయకుండానే.

"మాకు ఆర్‌ఓ ఉంది కదా" అంటారు. వంటింటి ఆర్‌ఓలో చాలావాటికి టీడీఎస్ కంట్రోలర్ అనే చిన్న మర ఉంటుంది. రుచి కోసం, ఆర్‌ఓ పొరలో వడకట్టని నీటిని కొంత తిరిగి కలపడమే దాని పని. అందులో 15 శాతం అలా కలుస్తుందని, ఆర్‌ఓ పొర నైట్రేటును 40 నుంచి 5కు తగ్గిస్తుందని లెక్క వేస్తే గ్లాసులోకి వచ్చేది సుమారు 10 పీపీఎం. నెలకు ట్యాంకులో 6 పీపీఎం చేరుతుంది. బోరు నీటి కన్నా చాలా నయం, అయినా పంట కన్నా కలుపుకే ఎక్కువ. ఆ మర పూర్తిగా మూసి, ఆర్‌ఓ తరువాత మిగిలిన లవణాలనూ పట్టేసే డీఐ రెసిన్ గొట్టం తగిలిస్తే టీడీఎస్ మీటరు 0 చూపిస్తుంది.

ఆ 0 లోనూ ఒక మెలిక ఉంది. టీడీఎస్ మీటరు విద్యుత్తు ఎంత ప్రవహిస్తుందో చూసి లెక్క కడుతుంది. మామూలు నీటిలో సిలికా విద్యుదావేశం లేకుండా ఉంటుంది, కాబట్టి మీటరుకు కనిపించదు. రెసిన్ అరిగిపోయే ముందు మొట్టమొదట జారిపోయేది కూడా అదే. మీటరు ఇంకా 0 అంటుండగానే సిలికా ట్యాంకులోకి వస్తుంటుంది. నాలుగో నెలలో, ఐదో నెలలో గోధుమ పొడి మళ్లీ కనిపిస్తే ముందు అనుమానించాల్సింది రెసిన్‌నే.

మరి మన ఊళ్లోనే సముద్రం ఉంది కదా, ఆ నీరే తెచ్చుకుంటే? దీన్ని గట్టిగా సమర్థించేవాళ్లున్నారు. నీరు ఉచితం, దాంతోపాటు సముద్రపు సూక్ష్మజీవులూ వస్తాయి, కొత్త ట్యాంకుకు లేనిది అదే. ఎదుటివాళ్లు చెప్పేదీ బలమైనదే. కూవం, అడయారు సముద్రంలో కలిసే చోట్ల నీటిలో మురుగు ఎరువు నిండుగా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వాన నీరు కలిసి తీరంలో ఉప్పదనం వెయ్యికి 35 పాళ్ల కన్నా బాగా కిందికి పడిపోతుంది. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద కోవళం దాటి, వానలు లేని నెలల్లో తెచ్చిన నీటికీ, మెరీనా దగ్గర నవంబరులో పట్టిన నీటికీ పోలికే లేదు. ఉప్పు పొడి కలుపుకునే పద్ధతిలో లీటరుకు సుమారు 36 నుంచి 38 గ్రాములు పడుతుంది. 20 లీటర్లు మార్చాలంటే ముప్పావు కిలో. ఖర్చే, కానీ ప్రతిసారీ ఒకే నీరు. బెంగళూరులో ఉన్నవాళ్లకు సముద్రపు నీరు తెచ్చుకునే ఎంపికే లేదు.

నీళ్లు మారుస్తూనే ఉన్నా ఎందుకు తగ్గదు

వారం వారం 10 శాతం నీరు మారుస్తున్నాం, నైట్రేటు 50 దగ్గరే ఉందంటారు. అది మారకపోవడానికి కారణం కూడికలు తీసివేతల్లోనే ఉంది. మేత వల్ల వారానికి 5 పీపీఎం పెరుగుతోందనుకోండి. 50 దగ్గర 10 శాతం మారిస్తే పోయేది 5. వచ్చేది 5. అక్కడే ఆగిపోతుంది. ఇంకో ఏడాది మార్చినా అంతే. 20 శాతం మారిస్తే 25 దగ్గర ఆగుతుంది. ఇంకా దిగాలంటే లోపలికి వచ్చేదాన్ని తగ్గించాలి, లేదా బయటికి పోయే దారి ఇంకొకటి తెరవాలి.

ఆ దారుల్లో అందరూ చిన్నచూపు చూసేది చేయి. ఒక సాయంత్రం కూర్చుని 100 గ్రాముల తడి వెంట్రుక నాచు పీకి బకెట్‌లో వేశారనుకుందాం. అందులో పదో వంతు పొడి పదార్థం, దానిలో నూటికి మూడు పాళ్లు నత్రజని అనుకుంటే 0.3 గ్రాముల నత్రజని. నైట్రేటు లెక్కలో 1.3 గ్రాములు. మన ట్యాంకులో 6.6 పీపీఎం. నైట్రేటు 10 ఉన్న ట్యాంకులో 10 శాతం నీటి మార్పుతో పోయేది 1 పీపీఎమే. గుప్పెడు నాచు దాదాపు ఏడు వారాల నీటి మార్పులకు సమానం. అదే నాచును మందు వేసి ట్యాంకులోనే చంపితే ఆ 6.6 పీపీఎం మళ్లీ నీటిలోకే వస్తుంది, కుళ్లేటప్పుడు ఆక్సిజన్ కూడా లాక్కుంటుంది. తెల్లారేసరికి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటాయి.

ఈ లెక్క ఇంకో చిక్కుముడినీ విప్పుతుంది. రాళ్ల నిండా నాచు ఉన్నా కిట్ సున్నా చూపించడం చాలామందిని తికమక పెడుతుంది. కిట్ చూపేది తినగా మిగిలినది. విస్తట్లో ఏమీ లేదంటే అన్నం వండలేదని కాదు, తినేశారని.

ఫాస్ఫేటు కథ కాస్త వేరు. పొడి మేతలో దాదాపు 1 శాతం భాస్వరం ఉంటుందనుకుంటే, రోజుకు అర గ్రాము మేతతో 5 మిల్లీగ్రాముల భాస్వరం, అంటే 15 మిల్లీగ్రాముల ఫాస్ఫేటు. ట్యాంకులో 0.077 పీపీఎం. మనం నెలంతా కాపాడుకోవాలనుకునే మోతాదు ఒక్క రోజు మేతలోనే ఉంది. అందులో కొంత చేపల ఒంటికి పడుతుంది, కొంత స్కిమ్మర్ నురుగుతో బయటికి లాగుతుంది, కొంత సున్నపు రాయి, ఇసుక తమ మీదికి పీల్చుకుంటాయి. పీల్చుకున్నది అక్కడే ఉండదు. నీటిలో ఫాస్ఫేటు తగ్గగానే రాయి తిరిగి వదులుతుంది. ఫాస్ఫేటును పీల్చే ఐరన్ ఆక్సైడ్ గుళికలు వేస్తే రెండు రోజుల్లో అంకె పడిపోయి వారానికి మళ్లీ పైకి రావడానికి కారణం ఇదే. ఎవరో వాడి వదిలేసిన పాత రాళ్లు చౌకగా దొరికాయని తెచ్చుకుంటే వాళ్ల ట్యాంకు అప్పు కూడా తెచ్చుకున్నట్టే.

సున్నా దగ్గర కాచుకుని ఉండే జీవి

2019 ఆగస్టులో చెన్నై తీరాన రాత్రిపూట అలలు నీలంగా వెలిగాయి. జనం అర్ధరాత్రి దాకా బీచిలో నిలబడి చూశారు. ఆ వెలుగు నాక్టిల్యూకా అనే డైనోఫ్లాజెలేట్‌ది. ట్యాంకుల్లో డైనోలు అని పిలిచే జీవులు దాని జ్ఞాతులే, అందమే లేదు.

చూడటానికి గోధుమ రంగు చీమిడిలా ఉంటాయి. రాయి కొస నుంచి తీగలు సాగి, ఒక్కో తీగ చివర ఒక గాలి బుడగ వేలాడుతుంది. పొద్దున్న లైట్లు వేసేసరికి ట్యాంకు శుభ్రంగా ఉంటుంది, మధ్యాహ్నం రెండింటికల్లా మళ్లీ నిండుతుంది. రంగు చూసి డయాటమ్‌లనుకుని, నీళ్లు మార్చి, మేత తగ్గించి, ఫాస్ఫేటును పీల్చే గుళికలు రెట్టింపు చేస్తారు. డైనోలు ప్రబలేదే నైట్రేటు, ఫాస్ఫేటు సున్నాకు చేరిన ట్యాంకుల్లో. పోటీదారులన్నీ ఆకలితో పడిపోతే ఇవి లేచి నిలబడతాయి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. ఆస్ట్రియాప్సిస్ అనే రకమైతే విషం కూడా చేస్తుంది, మేసిన నత్తలు అడుగున వెల్లకిలా పడి ఉంటాయి.

తేడా ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఆ చీమిడిని కాస్త ట్యాంకు నీటితో సహా మూత ఉన్న సీసాలోకి తీసి గట్టిగా కుదిపి, కాఫీకి వాడే కాగితం వడపోతలో గాజు గ్లాసులోకి వంచాలి. మన డికాక్షన్ ఫిల్టర్ పనికిరాదు, దాని చిల్లులు ఇందుకు పెద్దవి. వడకట్టిన నీరు తేటగా ఉంటుంది. లైటు కింద గంట సేపు కదపకుండా ఉంచితే, డైనోలైతే ఆ తేట నీటిలోనే మళ్లీ ఒకటినొకటి పట్టుకుని దారాలు కడతాయి. డయాటమ్‌లు, సైనో అలా చేయవు. స్కూలు మైక్రోస్కోపు దొరికితే ఇంకా మేలు. 400 రెట్లలో ఆస్ట్రియాప్సిస్ నీటి బొట్టు ఆకారంలో, కొసకు కట్టేసినట్టు గిరగిరా తిరుగుతుంది. ఆంఫిడినియం కోలగా, చదునుగా ఉండి జారుతూ పోతుంది.

ఏ రకమో తెలియడం ఎందుకంటే, ఆస్ట్రియాప్సిస్ రాత్రి నీటిలోకి తేలుతుంది, కాబట్టి యూవీ దీపం దాన్ని పట్టుకుంటుంది. సుమారు 10 లీటర్లకు 1 వాట్ చొప్పున, మన ట్యాంకుకు 18 నుంచి 20 వాట్లది కావాలి. ఆంఫిడినియం ఇసుకలోనే దాక్కుంటుంది, యూవీకి పెట్టిన డబ్బు వృథా. రెండింటికీ వర్తించేది ఎరువు తిరిగి పెంచడమే. నైట్రేటును సున్నా నుంచి 5 పీపీఎంకు తేవాలంటే 1000 మిల్లీగ్రాములు కావాలి. సోడియం నైట్రేటులో 73 శాతం నైట్రేటు కాబట్టి 1.37 గ్రాములు, రెండు మూడు రోజులకు పంచి వేస్తారు. నాచుతో వేగిపోయినవాళ్లకు ట్యాంకులో చేతులారా ఎరువు వేయమంటే మనసు ఒప్పదు. కానీ డైనోల స్థానంలో ఆకుపచ్చ పొర కనిపించడం మొదలైతే అది మంచి సూచన.

ఇక్కడ రెడ్‌ఫీల్డ్ నిష్పత్తి పేరు తప్పక వస్తుంది. ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ అనే సముద్ర శాస్త్రవేత్త సముద్రపు ప్లవకాల్లో (నీటిలో తేలే చిన్న జీవులు) నత్రజని, భాస్వరం పరమాణువులు సగటున 16కు 1 గా ఉంటాయని గమనించాడు. బరువు లెక్కకు మారిస్తే నైట్రేటు, ఫాస్ఫేటు సుమారు 10కి 1. ట్యాంకు కూడా ఇదే నిష్పత్తిలో ఉండాలని కొందరు పట్టుబడతారు. కానీ నైట్రేటు 10, ఫాస్ఫేటు 0.1 ఉన్న చక్కటి ట్యాంకుల్లో అది 100కి 1. రెడ్‌ఫీల్డ్ చెప్పింది జీవుల ఒంట్లో ఏముందని. నీటిలో ఏముండాలని కాదు. నా దృష్టిలో నిష్పత్తి కన్నా ముఖ్యం, రెండింటిలో ఏదీ సున్నా కాకుండా ఉండటం.

చీకటితో మొదలుపెట్టాలా, మందు వేయాలా

సైకిల్ నడిచే నాలుగు నుంచి ఆరు వారాలూ లైటు వేయకుండా ఉంచడం ఒక పద్ధతి. వెలుగు లేకపోతే నాచు లేదు, ఆలోగా బ్యాక్టీరియా చోట్లన్నీ ఆక్రమిస్తుంది అంటారు. ఎదుటివాళ్లు అడిగేది, లైటు వేసిన రోజు ఆ దశ మొదలవదా అని. మొదలవుతుంది, కానీ ఎక్కువ ట్యాంకుల్లో కాస్త తేలికగా పోతుంది. ఎలా మొదలుపెట్టినా, మొదటి నెలల్లో రోజుకు 6 గంటల లైటు చాలు. కిటికీ నుంచి పడే పడమటి ఎండను పరదాతో ఆపకపోతే టైమర్లు పెట్టి లాభం లేదు. వేడి కూడా సైనోకు చుట్టమే. చెన్నై గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఫ్యాను బెంగళూరులో చల్లబరిచినంత ఇక్కడ చల్లబరచదు. మే నెలలో 26 డిగ్రీలు నిలపాలంటే చిల్లర్ తప్పదు.

మందుల్లో నిజంగా పని చేసిన పేరున్నది బ్రయాప్సిస్‌కు ఫ్లూకొనజోల్. లీటరుకు సుమారు 5 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు ఉంచుతారు. మన ట్యాంకుకు మొత్తం 1000 మిల్లీగ్రాములు. అది మనుషుల ఫంగస్ మందు, డాక్టరు చీటీ మీద అమ్మాల్సినది. డైనోల మీద, సైనో మీద దానికి పట్టు లేదు. సైనోకు ఎరిత్రోమైసిన్ వేయడం వేరే సంగతి. ఎర్ర పొర మూడు రోజుల్లో మాయమవుతుంది, నిజమే. అయితే అది యాంటీబయోటిక్. ట్యాంకులోని మంచి బ్యాక్టీరియాకూ దెబ్బే, ఆ నీరు చివరికి పోయేది డ్రైనేజీలోకే. పంపు దిశ మార్చి, పొరను సైఫన్‌తో లాగితే చాలావరకు లొంగే దానికి ఇంత మూల్యం చెల్లించడం నాకు సమ్మతం కాదు.

మేసే జీవులు

నాచు తినే నత్తల్లో ట్రోకస్, టర్బో, సెరిత్ రకాలు మెరుగు. నసారియస్ నత్తలు నాచు ముట్టవు, మిగిలిన మేత కోసం ఇసుకలో తిరుగుతాయి. ఈ తేడా చెప్పకుండా అమ్మేవాళ్లు ఎక్కువ. పెద్ద ట్రోకస్ గవ్వ రకం ఒకటి మన చట్టం రక్షించే జాబితాలో ఉంది, కాబట్టి జాతి పేరు అడగడం అవసరం. పది లీటర్లకు ఒక నత్త అన్న పాత సూత్రం ప్రకారం 20 వేస్తే డయాటమ్‌లు రెండు వారాల్లో అయిపోతాయి, ఆ తరువాత సగం ఆకలితో చచ్చి అవే ఎరువు అవుతాయి. ఆరేడుతో మొదలుపెట్టి చూసుకోవడం మేలు. లాన్‌మోవర్ బ్లెన్నీ చేపదీ ఇదే బాధ. వచ్చిన కొత్తలో రాళ్లన్నీ గీకేస్తుంది, రెండు నెలలకు పొట్ట లోపలికి పోతుంది. అప్పుడు నోరి (ఎండు సముద్రపు నాచు) రేకులు క్లిప్పుకు తగిలించి పెట్టాలి. అంగుళం పొడుగు దాటిన వెంట్రుకలను నత్తలు తినవు, ముందు చేత్తో పీకితే కింద మిగిలిన మోళ్లను తింటాయి.

ఇంకో దారి, నాచును మనమే వేరే గదిలో పెంచడం. ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టిలో కీటోమార్ఫా అనే తీగ నాచును ఉండగా వేసి, పై ట్యాంకు లైటు ఆరినప్పుడు దానికి లైటు వేస్తారు. రాత్రి పీహెచ్ పడిపోకుండా ఉంటుంది, అదీ ఒక లాభం. మన తీరంలోనే దొరికే కౌలెర్పా ఇంకా వేగంగా పెరుగుతుంది, కానీ ఒక్కోసారి రాత్రికి రాత్రి విత్తులు వదిలి తెల్లబడి కరిగిపోతుంది. ఉదయానికి ట్యాంకు ఆకుపచ్చ మజ్జిగలా ఉంటుంది. కీటో అలా చేయదు. వారానికోసారి దాన్ని సగం తెంపి పారేస్తేనే ఎరువు బయటికి పోయినట్టు.

ఐదో నెలలోనో ఆరో నెలలోనో పంపు మూత మీద, వెనుక అద్దం అడుగున గుండుసూది తలంత ఊదా చుక్కలు కనిపిస్తాయి. గోరుతో గీకితే రావు. అది కోరలైన్. అవి అరచేతి వెడల్పు మచ్చలయ్యే సమయానికి ఆల్కలినిటీ (సున్నం కట్టడానికి నీటిలో ఉండే కార్బొనేట్ల మోతాదు) అంతకుముందు లేని విధంగా వారానికి కొద్దికొద్దిగా దిగడం మొదలవుతుంది. ఆ దిగుదలను మొదటిసారి చూసి కిట్ పాడైందనుకుంటారు. కిట్ బాగానే ఉంటుంది. రాయి మీద సున్నం కడుతున్నది ఆ చుక్కలే.